తెరిచి ఉన్న తలుపు

పోచింకి ఊరి అంచున ఒక ఇల్లు. కిటికీల్లో కదలిక లేదు, దగ్గర్లో తుపాకి చప్పుడు లేదు. నేరుగా లోపలికి నడవబోతుంటే పక్కన కూర్చున్న మా మేనల్లుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు మామయ్యా. తలుపు చూడు, తీసుంది."

ఆట మొదలయ్యేసరికి ఎరాంగెల్ ద్వీపంలో ఇళ్ల తలుపులన్నీ మూసే ఉంటాయి. గాలికి తెరుచుకునే తలుపంటూ అక్కడ లేదు. అందుకని ఏ తలుపైనా తీసి ఉందంటే మనిషి చెయ్యి పడిందన్నమాటే. ఆ మనిషి దొరికింది సర్దుకుని వెళ్లిపోయి ఉండవచ్చు, మేడమెట్ల మలుపులో మన అడుగుల చప్పుడు కోసం కాచుకుని ఉండవచ్చు. కాస్త ఆట తెలిసినవాళ్లు లోపలికి వెళ్లగానే తలుపు మూసేస్తారు. ఇంకా తెలిసినవాళ్లు ఖాళీ ఇంటి తలుపు తీసిపెట్టి పక్కింటి కిటికీ దగ్గర కూర్చుంటారు. ఒక్క చెక్కతలుపు మీద ఇంత ఎత్తూ పైఎత్తూ నడుస్తుంది. ఆ సాయంత్రం నుంచి నేను పబ్జీని వేరే కళ్లతో చూడటం మొదలుపెట్టాను.

ఈ ఆటలో కొత్తవాళ్లు చేసే పొరపాట్లు అందరికీ తెలిసినవే. జనం ఎక్కువున్న చోట దిగడం, జోన్ మీదికి వచ్చేదాకా కదలకపోవడం, శత్రువు కనబడగానే కాల్చేయడం, పడినవాడి పెట్టె మీదికి పరుగెత్తడం. వాటిని మానుకొమ్మని చెప్పేవాళ్లు కొల్లలు. నాకు మాత్రం ఒక్కో పొరపాటూ దాన్ని అక్కడ అమర్చిన చేతిపనిని పట్టిస్తుంది. ముందు ఆశ చూపిస్తారు, ఆ పక్కనే హెచ్చరిక పెడతారు. రెండూ ఒకేచోట ఉంటాయి. మనం ఆశనే చూస్తాం.

ఈ ఆటకు మూలపురుషుడు బ్రెండన్ గ్రీన్. ఐర్లండ్ మనిషి, ఫొటోగ్రాఫరుగానూ వెబ్‌సైట్ల డిజైనరుగానూ పనిచేశాడు. బ్రెజిల్‌లో ఉన్న రోజుల్లో ఆర్మా అనే సైనిక ఆటకు సొంతంగా మార్పులు చేస్తూ 'ప్లేయర్ అన్‌నోన్' అన్న పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. కిన్‌జీ ఫుకసాకు 2000లో తీసిన జపాన్ చిత్రం 'బాటిల్ రాయల్' అతనికి ఊహ అందించింది. దక్షిణ కొరియా సంస్థ బ్లూహోల్‌లో నిర్మాతగా ఉన్న కిమ్ చాంగ్‌హాన్ అతన్ని పిలిపించుకున్నాడు. 2017 మార్చిలో ఆట కంప్యూటర్ల మీదికి వచ్చింది, మరుసటి ఏడు ఫోన్లలోకి దిగింది. మన దేశంలో 2020 సెప్టెంబరు 2న నిషేధం పడటం, 2021 జులైలో క్రాఫ్టన్ సంస్థ దాన్నే బీజీఎంఐగా తీసుకురావడం మన ఇళ్లలో అందరికీ గుర్తున్న కథ. ఎరాంగెల్ అన్న పేరులో గ్రీన్ తన కూతురు ఎరిన్ పేరు దాచుకున్నాడు. వందమంది ఒకరినొకరు వేటాడుకునే నేలకు కూతురి పేరు పెట్టుకున్న ఆ తండ్రికి, దాని ప్రతి గుట్ట మీదా ఎంత మమకారం ఉండి ఉంటుందో అనిపిస్తుంది నాకు.

అతని పనిలో అన్నింటికన్నా గొప్పది వలయం. మనవాళ్లు జోన్ అంటారు. సినిమాలో ద్వీపాన్ని చదరాలుగా విడగొట్టి కొన్ని చదరాలను ప్రమాద ప్రాంతాలుగా ప్రకటిస్తారు. ఆ చదరాలను ప్రోగ్రాములో రాయడానికి తనకున్న నేర్పు చాలక గ్రీన్ వలయంతో సరిపెట్టుకున్నాడు. ఆ సరిపెట్టుకోవడమే ఈ కళకు ప్రాణం పోసింది. చదరాలైతే గళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవచ్చు. వలయంలో మూలలే లేవు, వీపు ఆనించుకోవడానికి చోటు లేదు. తెల్లగీత రాబోయే చోటును ముందే చూపిస్తుంది. నీలి గోడ దానివైపు నెమ్మదిగా జరుగుతుంది. ఒక వలయంలో ఇంకో వలయం, అందులో మరొకటి. వందమందినీ ఎవరి ఇష్టాన వాళ్లను నడవనిస్తూనే ఒక్క పొలంలోకి చేర్చే ఉపాయం ఇది.

ఇందులో ఆశ ఎక్కడుందో చూడండి. తొలి దశల్లో నీలి గోడ దెబ్బ బహు స్వల్పం. రెండు కట్లు కట్టుకుంటే తట్టుకోగలం. ఇంకో ఇల్లు వెతుకుదాం, ఇంకో రెండు మందుగుండు డబ్బాలు ఏరుకుందాం అనిపిస్తుంది. దశ మారినకొద్దీ దెబ్బ పెరుగుతుంది. చివరి దశల్లో కట్టు కట్టేంత వ్యవధి కూడా ఇవ్వదు. తొలి దశలో అలవాటైన నిర్లక్ష్యమే నాలుగో దశలో చంపుతుంది. మా మేనల్లుడు ఆటలో ఎవరినీ తొందరపెట్టడు గానీ, మ్యాపు మీద తెల్లగీత పడగానే మాత్రం అడుగుతాడు: "బండి ఎక్కడుంది?" జోన్ ఎంత దూరమన్న ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది. దూరం ఎంతైనా, బండి ఉంటే దారి ఎంచుకునే వీలుంటుంది. లేకపోతే గోడ తరుముతున్న దారినే పరుగెత్తాలి, ఆ దారి మీద ఎవరో ఒకరు తుపాకి గురిపెట్టి ఉండనే ఉంటారు.

దక్షిణాన సైనిక స్థావరం ఉన్న సొస్నోవ్‌కా దీవిలో ఈ పనితనం పతాకస్థాయికి చేరుతుంది. సామగ్రి అక్కడ పుష్కలం. అందుకే ఆటగాళ్లను దింపే విమానం గీత ఆ మీదుగా వెళ్తే సగం గొడుగులు అక్కడే విచ్చుకుంటాయి. కానీ ఆ దీవిని పెద్ద నేలతో కలిపేవి రెండే వంతెనలు. తెల్లవలయం ఉత్తరాన పడిందంటే, దీవిలో మూటలు కట్టుకున్నవాళ్లంతా ఆ రెండు వంతెనల మీదికో నీళ్లలోకో రావలసిందే. ఈదేవాడు తుపాకి ఎత్తలేడు. వంతెన అవతలి కొసన నాలుగు బండ్లు అడ్డంపెట్టి ఒక జట్టు కూర్చుంటే, ఇవతలివాళ్ల సంచుల్లో ఎంత సరుకున్నా ఒక్కటే. ద్వీపం బొమ్మ గీస్తున్నప్పుడే ఎవరో ఈ లెక్క వేశారు: సంపద ఇక్కడ, సుంకం అక్కడ. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న నేల మీద కథ అంతా రెండు సన్నని గీతల దగ్గర బిగుసుకునేలా చేయడం సామాన్యమైన పని కాదు.

చప్పుడు సంగతి తీరికగా చెప్పుకోవాలి. ఎందుకంటే కళ్లతో ఆడే ఆట అనుకుని దిగినవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. నిజజీవితంలో రైఫిల్ తూటా ధ్వనికన్నా వేగంగా పోతుంది. మన పక్కనుంచి దూసుకుపోయేటప్పుడు ముందు ఛెళ్లుమన్న చప్పుడు చెవిన పడుతుంది, ఆ తర్వాత పేలిన చోటినుంచి ఢమ్మన్న మోత వస్తుంది. కంప్యూటర్ మీద ఆడే పబ్జీలో ఈ రెండు చప్పుళ్లనూ విడివిడిగా వినిపించారు. కొత్తవాడు ఛెళ్లుమన్న వైపు తిరుగుతాడు. అది తూటా పోయిన దారి మాత్రమే. అనుభవం ఉన్నవాడు మోత కోసం ఆగుతాడు, దిక్కు దానితో తెలుస్తుంది. రెండింటి మధ్య ఎడం ఎక్కువైనకొద్దీ కాల్చినవాడు దూరంలో ఉన్నట్టు. సైలెన్సర్ బిగించిన తుపాకి అయితే ఆ మోతను అణిచేస్తుంది. ఛెళ్లుమనడం ఒక్కటే మిగులుతుంది, దిక్కు చిక్కదు. ఆ చిన్న గొట్టానికి ఆటలో అంత విలువ ఎందుకో ఇది గమనించాకే నాకు బోధపడింది.

గురిపెట్టడంలోనూ అంతే నిజాయితీ ఉంది. కార్‌98 తుపాకి తూటా వేగం సెకనుకు సుమారు 760 మీటర్లు. 300 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని చేరడానికి దానికి దాదాపు 0.4 సెకను పడుతుంది. ఆలోగా పరుగెత్తేవాడు రెండు మీటర్లకు పైగా ముందుకు పోతాడు, తూటా కొంత కిందికి దిగుతుంది. మనిషి మీద గురిపెట్టి కాల్చినవాడు అతను అంతకుముందు ఉన్న చోటును కాలుస్తాడు. పైగా తానున్న చోటును అందరికీ చెప్పుకుంటాడు. శత్రువు కనబడగానే కాల్చేయడం ఎందుకు తప్పో ఏ పెద్దమనిషీ చెప్పక్కర్లేదు. తప్పిపోయిన ఆ తూటా వెంటనే, చుట్టూ ఉన్న మూడు జట్లు మనవైపు తిరగడంతోనే ఆట పాఠం చెప్పేస్తుంది.

ఫోన్ ఆటలో అడుగుల గుర్తులు, తుపాకి గుర్తులు మూలనున్న చిన్న మ్యాపు మీద కనిపిస్తాయి. చిన్న స్పీకరుతో, ఇంటి సందడి మధ్య ఆడేవాళ్ల కోసం చేసిన ఏర్పాటు అది, అర్థం చేసుకోగలను. అయితే ఆ గుర్తుల మీదే బతికేవాళ్లు వినడం మరిచిపోతారు. చెక్క నేల మీద అడుగు ఒకలా, గడ్డి మీద ఒకలా, కాంక్రీటు మీద ఇంకోలా పలుకుతుంది. శత్రువు పైఅంతస్తులో ఉన్నాడా, వాకిట్లో ఉన్నాడా అన్నది ఆ తేడా చెబుతుంది. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్క రోజు ఆడితే ఆ శబ్దాలు పేర్చినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

అన్నీ ఇంత బాగా లేవు. ఉన్నట్టుండి బాంబులు కురిసే ఎర్ర ప్రాంతం నాకు ఎన్నడూ నచ్చలేదు. ఇంట్లో దూరితే ఏమీ కాదు, బయట ఉంటే అదృష్టం. అక్కడ నేర్చుకునేది లేదు. ఆ మోత మాటున అడుగుల చప్పుడు వినపడకుండా జరగవచ్చన్నది ఒక్కటే దాని ఉపయోగం. గడ్డి విషయంలో ఆట మాట తప్పుతుంది. గడ్డిలో బోర్లా పడుకున్నవాడికి తన చుట్టూ నిలువెత్తు పచ్చదనం కనబడుతుంది. కానీ ఫోన్ దూరపు గడ్డిని గీయదు. ఎదుటి గుట్ట మీద స్కోపు పెట్టినవాడికి అతను చాప మీద పడుకున్నంత స్పష్టంగా కనిపిస్తాడు. ఇది యంత్రం శక్తి చాలక మిగిలిపోయిన లోపం, అయినా ప్రాణం తీసే లోపం. దూరంవాడి నుంచి దాక్కోవాలంటే రాయి వెనకో, చెట్టు వెనకో, నేల వాలులోనో దాక్కోవాలి.

ప్రాణం మొత్తం 100. కట్లు కట్టుకున్నా, ప్రథమ చికిత్స పెట్టె విప్పినా 75 దగ్గర ఆగిపోతుంది. మిగతా పాతిక కోసం ఎనర్జీ డ్రింకో నొప్పి మాత్రలో వాడుకోవచ్చు. అవి మెల్లమెల్లగా ఎక్కిస్తాయి. ఈ పాతిక ఎంత ఆలోచించి పెట్టినదో! మందులు దాచుకునే మన స్వభావాన్ని అది పట్టుకుంటుంది. ఆఖరి పోరుకు పనికొస్తాయని అయిదు డ్రింకులు సంచిలోనే ఉంచుకుని 75 ప్రాణంతో ఎదురుపడి, పది పాయింట్ల తేడాతో పడిపోయినవాళ్ల పెట్టెల్లో ఆ అయిదూ చెక్కుచెదరకుండా దొరుకుతాయి. పోరుకు ముందే తాగాలి. తాగితే కాళ్లకు కొంత వేగం కూడా వస్తుంది.

పెట్టె అన్నాను కాబట్టి దాని గురించీ చెప్పాలి. పడిపోయినవాడి సామాను ఒక పెట్టెలో మిగులుతుంది. మన చెడుగుడులో కూతకు వెళ్లినవాడు ఒకణ్ణి తాకాక గీత వైపు మళ్లకుండా రెండోవాడి కోసం చెయ్యి చాపుతాడే, ఆ క్షణం ఇక్కడ పెట్టె దగ్గర వస్తుంది. మూడో స్థాయి హెల్మెట్టు ఉందేమో, ఎక్కువగా విమానం జారవిడిచే ఎయిర్‌డ్రాప్‌లోనే దొరికే ఏడబ్ల్యూఎం తుపాకి ఉందేమో. పెట్టె విప్పగానే సామాన్ల జాబితా ఫోన్ తెరను చాలామేర కప్పేస్తుంది. అంటే చుట్టూ చూడవలసిన సమయంలోనే చూపు తగ్గుతుంది. మా వాడు ముందు పొగబాంబు వేస్తాడు. లేదా పెట్టెను అలాగే వదిలేసి, దాని కోసం వచ్చే ఇంకొకడి కోసం నిరీక్షిస్తాడు.

జట్టుగా ఆడేటప్పుడు దెబ్బతిన్నవాడు వెంటనే చావడు, మోకాళ్ల మీద పాకుతుంటాడు. స్నేహితుడు దగ్గరికొచ్చి సుమారు పది సెకన్లు కదలకుండా కూర్చుంటే తిరిగి లేస్తాడు. "నాక్ అయ్యాను, రా రా" అన్న కేక వినగానే పరుగెత్తడం మనసున్న ప్రతివాడూ చేసే తప్పు. కాల్చినవాడు ఆ పాకేవాణ్ణి కావాలనే వదిలేస్తాడు, ఎరగా. ముందు కాల్చినవాడు ఎక్కడున్నాడో తేల్చుకుని, పొగ పరిచి, ఆ తర్వాత వెళ్లాలి. ఇక్కడే ఇంకో సూక్ష్మం ఉంది, నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. మనం కొట్టిన శత్రువు పాకకుండా నేరుగా పెట్టెగా మారిపోయాడంటే, అతని జట్టులో లేచి నిలబడ్డవాడు ఎవరూ మిగల్లేదన్నమాట. ఒక మరణం అయిన తీరే అవతలి జట్టు లెక్క చెప్పేస్తుంది. తలుపులాగే ఇదీ ఎక్కడా రాసిపెట్టి ఉండదు. చూసినవాడికి చెబుతుంది.

మొన్నటి ఆటలో ఆఖరి వలయం గోధుమచేను అంచున పడింది. ముగ్గురు మిగిలారు. మా వాడు ఒక బండరాయి వెనక, నీలి గోడను వీపు వైపు ఉంచుకుని కూర్చున్నాడు. ఆ దశలో గోడ అవతల ఎవడూ ఎక్కువసేపు బతకడు గనక ఆ వైపు కాపలా గోడదే. మిగతా ఇద్దరూ ఒకరినొకరు కాల్చుకుంటున్నారు. నేను ఉండబట్టలేక "కాల్చరా" అన్నాను. "ఉండు మామయ్యా" అన్నాడు, ఒక చెవి దగ్గర ఇయర్‌ఫోన్ నొక్కుకుంటూ. ఒకడు పడిపోయి పెట్టె అయ్యాడు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత చెట్టు వెనకనుంచి మ్యాగజీన్ మారుస్తున్న చిన్న టక్కుమన్న శబ్దం వచ్చింది. వాడు అప్పుడు లేచాడు.