ఆహార కాలుష్య పరిభాషలో తినేవారి స్థానం: ఏలూరు ఘటన (2020) ఆధారంగా విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

2020 డిసెంబరులో ఏలూరు పట్టణంలో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. తెలుగు పత్రికలు, ప్రసార మాధ్యమాలు దానిని 'వింతవ్యాధి' అని పిలిచాయి. పరిశోధన సంస్థలు ఆ తరువాత పురుగుమందుల అవశేషాలను కారణంగా సూచించినా, మొదటి పేరే స్థిరపడింది. ఆహారం ద్వారా సోకే వ్యాధికారక సూక్ష్మజీవులను, ఆహారంలో చేరే కలుషితాలను చెప్పడానికి తెలుగులో వాడుతున్న 'క్రిమి', 'మందు', 'కల్తీ', 'కలుషితం', 'అవశేషం' వంటి మాటలు ఎవరి దృష్టి నుంచి పుట్టాయో, విజ్ఞానశాస్త్రం చేసే విభజనను అవి ఎంతవరకు అందుకోగలుగుతున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ పదజాలంలో తినేవారి దృష్టి ఇంద్రియాలకు అందే మేర వరకే ఉందని, కంటికి కనిపించని ప్రమాదం దగ్గర అది ఆగిపోతోందని నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఏలూరు, కొల్లేరు, ఆహార కాలుష్యం, పురుగుమందు, అవశేషం, కల్తీ, పరిభాష, వ్యాధికారక సూక్ష్మజీవి.

1. ఉపోద్ఘాతం

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు సాగే దారిలో, భీమడోలు మండలంలో ఉన్న ఊరు గుండుగొలను. ఊరి పేరులోనే 'కొలను' ఉంది. ఆ ప్రాంతమంతా వరిచేలు, చేపల చెరువులు, గోదావరి కాలువలు, దక్షిణాన కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులతో పాటు అనేక మురుగు కాలువలు చేరతాయి. ఉప్పుటేరు దానిని సముద్రంతో కలుపుతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటితమైన కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఇటువంటి పల్లపు నేలలో సాగునీరు, మురుగునీరు, చెరువునీరు, తాగునీరు ఒకదానికొకటి దూరంగా ఉండవు. పొలం మీద చల్లినది నీటిలోకి, నీటిలో కలిసినది కంచంలోకి చేరడానికి ఉన్న దారి చిన్నది.

అందువల్ల ఆహార కాలుష్యం ఈ ప్రాంతంలో ప్రయోగశాలకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. అది నిత్యవ్యవహారంలోని మాటలకు కూడా సంబంధించినది. ఒక ప్రమాదానికి ప్రజలు పెట్టుకున్న పేరును బట్టే దానిని గుర్తించడం, ఫిర్యాదు చేయడం, బాధ్యులను నిర్ణయించడం జరుగుతాయి. ఆ పేర్లు సరిపోనప్పుడు ఏమి జరుగుతుందో ఏలూరు ఘటన చూపుతుంది.

2. ఏలూరు ఘటన - పరిశోధన క్రమం

2020 డిసెంబరు మొదటి వారాంతంలో ఏలూరు వన్ టౌన్ ప్రాంతం నుంచి రోగులు ఆసుపత్రికి రావడం మొదలైంది. మూర్ఛ, స్పృహ తప్పడం, వాంతులు, తలనొప్పి ముఖ్య లక్షణాలు. కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య 600 దాటింది. ఒకరు మరణించారు. మిగిలిన వారిలో ఎక్కువ మంది త్వరగానే కోలుకున్నారు. కోవిడ్ కాలం కావడం వల్ల మొదటి అనుమానం సహజంగానే వైరస్ మీదికి పోయింది. పరీక్షల్లో వైరస్ ఆనవాళ్ళు లభించలేదు. ఒకరి నుంచి మరొకరికి సోకే లక్షణమూ కనిపించలేదు.

ఢిల్లీలోని ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, నాగపూర్‌లోని నీరి వంటి సంస్థలు పరిశోధనలో పాల్గొన్నాయి. రక్తంతో పాటు నీరు, పాలు, కూరగాయల వంటి ఆహార నమూనాలను పరీక్షించారు. ఎయిమ్స్ ప్రాథమిక పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. డిసెంబరు మధ్యనాటికి పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణం కావచ్చునని, అవి శరీరంలోకి ఏ మార్గంలో చేరాయో తేల్చడానికి దీర్ఘకాలిక అధ్యయనం అవసరమని నిపుణులు ప్రభుత్వానికి నివేదించారు. 2021 జనవరిలో భీమడోలు మండలం పూళ్ళలోను, దెందులూరు మండలం కొమిరేపల్లిలోను ఇటువంటి కేసులే బయటపడ్డాయి. గుండుగొలను ప్రాంతానికి ఏలూరు వార్త పొరుగింటి విషయంగా మారింది.

ఈ క్రమంలో మూడు వేర్వేరు పరికల్పనలు ఉన్నాయి. మొదటిది సూక్ష్మజీవి, రెండవది భారలోహం, మూడవది పురుగుమందు. మూడింటికీ మూలాలు వేరు, పరీక్షలు వేరు, నివారణ వేరు. కానీ తెలుగు వార్తాభాషలో మూడింటి మీదా కప్పిన మాట ఒక్కటే: 'వింతవ్యాధి'.

3. 'వింత' అనే విశేషణం

'వింత' అనేది చూసేవారి ఆశ్చర్యాన్ని చెప్పే మాట. వ్యాధి స్వభావాన్ని గాని, దాని మూలాన్ని గాని అది చెప్పదు. 'వింతపశువు', 'వింతశిశువు' వంటి వార్తాశీర్షికల్లోనూ ఆ పదం చేసే పని ఇదే. కారణం తెలియని తొలి రెండు మూడు రోజుల్లో అటువంటి పేరు పెట్టడాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. ఆంగ్ల పత్రికలు కూడా అదే అర్థంలో మాటలు వాడాయి. 'అంతుచిక్కని వ్యాధి' అన్న ప్రయోగం కొంత మెరుగైనది. అందులో వెదుకుతున్నవారు ఉన్నారు, వెదుకులాట ఉంది.

సమస్య పేరు పెట్టడంలో లేదు, దానిని మార్చకపోవడంలో ఉంది. సీసం, నికెల్ అన్నప్పుడు గాని, పురుగుమందుల అవశేషాలు అన్నప్పుడు గాని ఈ ఘటనకు కొత్త పేరు రాలేదు. 'వ్యాధి' అన్న రెండవ పదం కూడా దారి తప్పించేదే. విషప్రభావాన్ని 'వ్యాధి' అనగానే ఆలోచన రోగి శరీరం వైపు, సోకడం వైపు పోతుంది. అతడు తిన్నదాని వైపు, తాగినదాని వైపు పోదు. విషం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఆ పేరులో చోటు లేదు.

4. క్రిమి - క్రిమిసంహారకం - మందు

తెలుగులో 'క్రిమి' అంటే పురుగు. సూక్ష్మదర్శిని లోకం పరిచయమయ్యాక అదే మాట 'సూక్ష్మక్రిమి' అయింది. దీనితో 'క్రిమిసంహారకం' అన్న సమాసానికి రెండు అర్థాలు ఏర్పడ్డాయి. పొలంలో పురుగును చంపేదీ క్రిమిసంహారకమే, ఆసుపత్రి నేలపై సూక్ష్మజీవులను చంపేదీ క్రిమిసంహారకమే. ఏలూరులో తొలి అనుమానం క్రిమి మీద, తుది అనుమానం క్రిమిని చంపేదాని మీద. పరస్పరం వ్యతిరేకమైన ఈ రెండు కారణాలకూ తెలుగు ఒకే మూలపదాన్ని ఇస్తోంది.

వాడుకలోని 'పురుగుమందు' మరింత ఆలోచించదగినది. 'దగ్గుమందు', 'జ్వరం మందు' అన్న మాటల నిర్మాణమే దీనిదీ. దగ్గుమందులో రోగి మనిషి, రోగం దగ్గు. పురుగుమందులో రోగి పైరు, రోగం పురుగు. అంటే ఈ పదం పైరును కాపాడుకునే రైతు దృష్టి నుంచి పుట్టింది. ఆ దృష్టిలో అది సరైనదే. 'మందు కొట్టాలి' అన్నప్పుడు పైరుకు వైద్యం చేయాలన్న భావమే ఉంది. కానీ అదే పదార్థం కూరగాయ మీద మిగిలి కంచంలోకి వచ్చినప్పుడు, తినేవారి వైపు నుంచి దానికి వేరే పేరు లేదు. 'మందు తాగి చనిపోయాడు' అన్నప్పుడు మాత్రమే ఆ పదంలోని విషం బయటపడుతుంది. ఒక్కసారిగా తాగిన మందు విషమని భాషకు తెలుసు; కొద్దికొద్దిగా తిన్న మందుకు భాషలో మాట లేదు.

డబ్బా మీద ఉండే చిహ్నాలు ఈ విషయంలో భాష కంటే స్పష్టంగా ఉన్నాయి. విషతీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రిభుజాలను ముద్రించాలన్నది నియమం. ఆ త్రిభుజం రైతు చేతిలోని డబ్బా దగ్గరే ఆగిపోతుంది. బజారులోని వంకాయ మీద అది ఉండదు.

5. కల్తీ - కలుషితం - అవశేషం

'కల్తీ' అనేది కొనేవారి మాట. పాలలో నీళ్ళు, కారంలో రంగు కలిపిన వ్యక్తి ఒకడు దాని వెనుక ఉంటాడు. అందువల్ల ఆ మాట కోపాన్ని సరైన చోటికి పంపగలదు. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం పేరులోనే ఈ భావన ఉంది. దాని స్థానంలో వచ్చిన 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కల్తీ పదార్థాన్ని, కలుషితాన్ని విడివిడిగా నిర్వచించింది. ఎవరైనా కలిపినా కలపకపోయినా, సాగు, తయారీ, నిల్వ, రవాణాల వల్ల గాని, పర్యావరణం నుంచి గాని ఆహారంలో చేరినది కలుషితమని దాని సారాంశం. అయితే అదే చట్టంలోని 18వ సెక్షన్, రైతును, మత్స్యకారుని, వ్యవసాయ కార్యకలాపాలను, ఆక్వాకల్చరును చట్టపరిధి నుంచి మినహాయించింది. చిన్న రైతుకు రక్షణగా ఆ మినహాయింపును సమర్థించవచ్చు. కానీ నిర్వచనంలో సాగు ఉంది, అమలులో పొలం లేదు. చట్టభాషలోనూ తినేవారి ప్రశ్న పొలంగట్టు దగ్గర ఆగిపోతోంది.

'కలుషితం' పరిస్థితి వేరు. సంస్కృతంలో 'కలుషం' అంటే బురదతో కలకబారినది. పాపమనే అర్థమూ ఉంది. రెండు అర్థాల్లోనూ అది తేటదనానికి వ్యతిరేకం. కానీ సీసం కలిసిన నీరు తేటగా ఉండవచ్చు. పురుగుమందు అవశేషమున్న టమాట నిగనిగలాడవచ్చు. 'అవశేషం' అన్న శాస్త్రపరిభాష కూడా ప్రమాదాన్ని పలచన చేస్తుంది. శిథిలావశేషాలు, భోజనావశేషాలు అన్న వాడుకల వల్ల అది పని అయిపోయాక మిగిలిన నిరపాయకరమైన వస్తువన్న భావం కలుగుతుంది. శాస్త్రంలో అవశేషానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. వాడుకలో ఆ పరిమితి భావన లేదు.

ఈ తేడాలు కొల్లేరు ప్రాంతపు జీవనోపాధికి నేరుగా తగులుతాయి. 2018 జులైలో ఫార్మలిన్ ఆనవాళ్ళు కనిపించాయన్న కారణంతో అస్సాం ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ వంటి ఇతర రాష్ట్రాల చేపలపై తాత్కాలిక నిషేధం విధించింది. చేప పాడవకుండా వ్యాపారి ఫార్మలిన్ పూస్తే అది కల్తీ. చేప చనిపోయాక దాని దేహంలో సహజంగానే కొంత ఫార్మాల్డిహైడ్ ఏర్పడవచ్చు. అది కల్తీ కాదు. చెరువులో వాడిన యాంటీబయాటిక్ మాంసంలో మిగిలితే అది అవశేషం. మూడింటినీ 'విషపు చేప' అన్న ఒకే మాటతో చెబితే నిజాయితీగా పెంచిన రైతు నష్టపోతాడు, తప్పు చేసినవాడు గుంపులో దాగుతాడు, తినేవారికి జాగ్రత్త తెలియదు.

6. చెడిన ఆహారం - చేటుచేసే ఆహారం

తెలుగులో తినేవారి మాటలు లేవని కాదు. పిండి పులుస్తుంది, అన్నం పాచిపోతుంది, రొట్టె బూజు పడుతుంది, పండు కుళ్ళుతుంది, గుడ్డు మురిగిపోతుంది, బియ్యం ముక్కిపోతాయి. వంటింటి నుంచి వచ్చిన ఈ క్రియలు ఒక్కొక్క పదార్థం చెడే తీరును విడిగా గుర్తిస్తాయి. పులియడం మేలు, పాచిపోవడం కీడు అన్న విభజన కూడా వాటిలో ఉంది. ఇది శతాబ్దాల ఆహారపరిశీలన. ఈ పరిశీలనకు సాధనాలు ముక్కు, నాలుక, కన్ను.

ఆధునిక శాస్త్రం సరిగ్గా ఇక్కడే వేరొక విషయం చెబుతుంది. ఆహారాన్ని చెడగొట్టే జీవులు, మనిషికి జబ్బు తెచ్చే జీవులు ఒకటి కావు. సాల్మొనెల్లా ఉన్న కూరకు రుచి, వాసన మారనవసరం లేదు. వండి బయట ఉంచిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ విడుదల చేసే వాంతికారక విషం మళ్ళీ వేడిచేసినా పోదు. బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ మామూలు వంటతో నశించదు. 'ఫుడ్ పాయిజన్' అన్న వాడుక చివరి భోజనాన్నే అనుమానిస్తుంది. స్టెఫిలోకాకస్ విషమైతే కొద్ది గంటల్లో బయటపడుతుంది గాని, హెపటైటిస్-ఎ బయటపడడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఇంద్రియజ్ఞానం, ప్రయోగశాల కలిసి పనిచేసిన సందర్భమూ ఉంది. 1995లో దక్కను పీఠభూమిలోని కొన్ని గ్రామాల్లో వానకు తడిసి బూజుపట్టిన జొన్నలు, మొక్కజొన్నలు తిన్నవారికి కడుపునొప్పి, విరేచనాలు వచ్చాయి. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దానికి ఫ్యుమోనిసిన్ అనే బూజువిషంతో సంబంధాన్ని చూపారు. అక్కడ 'బూజు' అన్న మాట గింజను, విషాన్ని కలిపే దారి అయింది. ఏలూరులో అటువంటి మాట అందుబాటులో లేదు. గింజలు బూజుపట్టాయని చెప్పగలిగిన ఇల్లాలు, కూరగాయలో మందు మిగిలిందని ఏ గుర్తుతో చెప్పగలదు?

7. ఉపసంహారం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన అంచనా ప్రకారం కలుషితాహారం వల్ల ఏటా సుమారు 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారు, 4 లక్షల 20 వేల మంది మరణిస్తున్నారు. ఆ లెక్కలో బాక్టీరియా, వైరసులు, పరాన్నజీవులు, జీవవిషాలు, రసాయనాలు వేర్వేరు వర్గాలుగా ఉన్నాయి. తెలుగు వార్తాభాషలోనూ, పాఠ్యపుస్తకాల్లోనూ ఈ విభజన స్థిరపడాలి. జబ్బు తెచ్చే జీవికి 'వ్యాధికారక సూక్ష్మజీవి', జీవి విడిచిన విషానికి 'జీవవిషం', సాగు నుంచి మిగిలినదానికి 'మందు అవశేషం', నేల, నీరు, గాలి నుంచి చేరినదానికి 'పర్యావరణ కలుషితం', మనిషి కావాలని కలిపినదానికి 'కల్తీ' అన్న మాటలను కచ్చితమైన అర్థాల్లో వాడవచ్చు. వీటిలో చాలావరకు ఇప్పటికే ఉన్న మాటలే. కావలసింది కొత్త పదసృష్టి కాదు, ఒకదాని చోట మరొకటి వాడని క్రమశిక్షణ.

మాట మారినంత మాత్రాన రక్తంలోని సీసం తగ్గదు. శాస్త్రవేత్తలు తొందరపడి తీర్పు చెప్పకపోవడం వారి బాధ్యత కూడా. అయినా పరిశోధన ముగిసే లోపు ప్రజలు తమకు జరిగినదాన్ని ఏదో ఒక పేరుతో గుర్తుపెట్టుకుంటారు. 'వింతవ్యాధి' అని గుర్తుపెట్టుకున్న ఊరికి అడగడానికి ప్రశ్న మిగలదు, ఎందుకంటే వింతకు బాధ్యులు ఉండరు. 'నీటిలోనా, కూరలోనా, ఏ మందు, ఎంత, ఎక్కడి నుంచి' అన్న నాలుగు ప్రశ్నలకు చోటిచ్చే పేరు ఉంటే ఏలూరు, పూళ్ళ, కొమిరేపల్లి వాసులు వాటిని నేటికీ అడగగలుగుతారు. తెలుగు పరిభాషా పరిశోధన ఆహార శాస్త్రానికి చేయగల సేవ అదే.