పిల్లనగ్రోవి ఆగలేదు

సత్యజిత్ రాయ్ 1964లో అమెరికా టెలివిజన్ కోసం ఒక చిన్న చిత్రం తీశాడు. పేరు 'టూ', అంటే ఇద్దరు. 'ఎస్సో వరల్డ్ థియేటర్' అనే కార్యక్రమం కోసం తీసిన ఈ చిత్రానికి డబ్బు పెట్టింది చమురు కంపెనీ. నిడివి పావుగంట లోపే. ఒక్క మాట ఉండదు.

మేడలో ఒక పిల్లవాడు ఒంటరిగా ఉంటాడు. చుట్టూ బొమ్మలు. కిటికీ కింద గుడిసె ముందర ఇంకో పిల్లవాడు పిల్లనగ్రోవి ఊదుతాడు. మేడ పిల్లవాడు బొమ్మ బాకాతో ఆ పాటను ముంచేస్తాడు. గుడిసె పిల్లవాడు డప్పు తెస్తే, డప్పు కొట్టే కోతిబొమ్మను చూపిస్తాడు. మాస్కు కట్టుకుని వేటగాడిలా వస్తే, తుపాకులు బయటికి తీస్తాడు. చివరికి గుడిసె పిల్లవాడు గాలిపటం ఎగరేస్తే, ఎయిర్‌గన్‌తో దాన్ని చించేస్తాడు. తర్వాత బొమ్మలన్నీ మోగుతుంటే వాటిని దాటుకొని పిల్లనగ్రోవి మళ్ళీ వినిపిస్తుంది. మేడ పిల్లవాడు ఆలోచనలో పడతాడు.

"లేనివాడికే సంతోషం" అని దీనికి అర్థం చెప్పేవాళ్ళుంటారు. ఆ మాట మాకు కొత్త కాదు. అమ్రాబాద్ చెంచు పెంటకో, దేవరకొండ తండాకో వచ్చినవాళ్ళు "మీకేం, హాయిగా ఉన్నారు" అంటారు. నీళ్ళ సంగతి, దవాఖాన సంగతి అడగరు. రాయ్ అలా అనలేదు. పాట మళ్ళీ మొదలైనా చిరిగిన గాలిపటం అతకలేదు. సంతోషం కొనుక్కుంటే దొరకదు, కానీ తుపాకీ ఉన్నవాడు దాన్ని చించగలడు అన్నాడు.

నల్లమలలో యురేనియం కోసం తవ్వి చూస్తామన్నప్పుడు మా చెంచులు వద్దన్నారు. 2019 సెప్టెంబరులో శాసనసభ కూడా వద్దని తీర్మానించింది. మావాళ్ళు బొమ్మలు అడగలేదు. గాలిపటం జోలికి రావద్దన్నారు.

ఒక లోటు మాత్రం చెప్పుకోవాలి. కెమెరా ఎక్కువసేపు మేడ మీదే ఉంటుంది, గుడిసె బయటే ఆగిపోతుంది. ఆలోచించే అవకాశం మేడ పిల్లవాడికే దక్కింది. వేట ఆయుధం ఇందులో ఆటవస్తువు. చెంచుకు విల్లు బతుకుదెరువు.

అయినా ఈ చిత్రాన్ని మన పిల్లలకు చూపించాలి. మాటలు లేవు గనుక గోర్‌బోలి పిల్లలకూ తెలుగు పిల్లలకూ ఒకేలా అందుతుంది. చూశాక ఒక్కటి అడుగుదాం: ఆ గుడిసె లోపల ఏముంది? ఆ కథ వాళ్ళే చెప్పాలి.