కాగితం మీద గుండ్రటి చిల్లు

ప్రపంచంలో చాలాచోట్ల పిస్టల్ కొనేవాళ్లలో ఎక్కువమంది చూపు 9 ఎంఎం వైపే పోతుంది. తూటాలు సులువుగా దొరుకుతాయి, ధరా తక్కువే. అయినా 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీలకు వెళ్లేవాళ్లలో చాలామంది ఏరికోరి 1896 నాటి తూటా అయిన .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్‌నే పట్టుకుంటారు. పోటీ నియమాలు 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల దాకా ఏ క్యాలిబర్ అయినా ఒప్పుకుంటాయి మరి!

కారణం ఇందులో వాడే వాడ్‌కట్టర్ అనే తూటా ఆకారంలో ఉంది. వాడ్‌కట్టర్ తూటాకు ముక్కుండదు. మొద్దుగా, కార్ట్రిడ్జ్ గొట్టం అంచుతో సమంగా కూర్చుంటుంది. మామూలు తూటా కాగితాన్ని చింపుతుంది, ఇదైతే పంచింగ్ మిషన్ కొట్టినట్టు గుండ్రంగా కోస్తుంది. చిల్లు అంచు గీతను తాకితే పెద్ద పాయింటే దక్కుతుంది కాబట్టి శుభ్రమైన చిల్లుకు విలువెక్కువ. పైగా ఎదురుతన్ను తక్కువ. మూడు సెకన్లలో చెయ్యెత్తి పేల్చాల్సిన అంచెలో అది చిన్న వరం కాదు.

కానీ నాకు ఎక్కువ ముచ్చటేసేది ఆ పిస్టల్‌ను నడిచేలా చేసే పనివాడి చెయ్యి. ఈ తూటా పుట్టింది రివాల్వర్ కోసం. దాని అడుగున అంచు బయటికి పొడుచుకొస్తుంది. మ్యాగజైన్‌లో ఒకదాని అంచు ఇంకోదానికి తగులుకుంటే పిస్టల్ మొరాయిస్తుంది. అందుకే ఆ పనివాడు మ్యాగజైన్ పెదవుల్ని వెంట్రుకవాసి వంచుతాడు, పేల్చి చూస్తాడు, మళ్లీ వంచుతాడు. వాల్‌నట్ చెక్క పిడినీ అంతే, షూటర్ అరచేతికి అతికేదాకా అరగదీస్తూనే ఉంటాడు.

2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో మన జస్పాల్ రాణా 600కు 590 కొట్టి స్వర్ణం గెలిచింది ఈ సెంటర్ ఫైర్ పోటీలోనే.