కావలి మనిషి కథ: ‘అంతఃపురం’ మళ్ళీ చూశాక

మన ఫ్యాక్షన్ సినిమాల్లో ఒక మనిషి తరచూ కనిపిస్తాడు. సరిగ్గా రెండు నిమిషాలు. ఇంటి మీద దాడి జరుగుతుంటుంది, బాంబులు పడుతుంటాయి, తల్లీతండ్రీ నేలకూలుతుంటారు. అప్పుడు ఆ ఇంటి నమ్మకస్తుడొకడు పసివాణ్ణి భుజాన వేసుకుని చీకట్లోకి పరిగెత్తుతాడు. తర్వాతి షాట్‌లో పిల్లవాడి కాళ్ళు హీరో కాళ్ళయిపోతాయి. ఆ మోసుకుపోయినవాడు ఏమయ్యాడు, పిల్లవాణ్ణి ఎట్లా దాచాడు, వాడికేం తినిపించాడు, రాత్రుళ్ళు ఏమని ఊరుకోబెట్టాడు, ఇవేవీ సినిమాకు అక్కర్లేదు. పిల్లవాడు బతికాడు, ఇక పగ బతికింది. కథకు అది చాలు.

ఆ రెండు నిమిషాల మనిషికి దాదాపు సగం సినిమా ఇచ్చిన తెలుగు సినిమా ఒకటుంది. 1998లో వచ్చిన కృష్ణవంశీ ‘అంతఃపురం’. ఆ సినిమా ఎవరికి తెలీదు అంటారా? పేరు అందరికీ తెలుసు. సిరివెన్నెల రాసి, ఇళయరాజా కట్టి, చిత్ర పాడిన పాట ఇప్పటికీ ఏదో ఒక ఎఫ్ఎమ్‌లో మోగుతూనే ఉంటుంది. ప్రకాష్ రాజ్‌కు జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రస్తావన వచ్చిందనీ గుర్తుంటుంది. కానీ ఫ్యాక్షన్ సినిమాల గురించి మాట్లాడేటప్పుడు మన నోట్లోంచి వచ్చే పేర్లు వేరు. సమరసింహారెడ్డి, నరసింహనాయుడు, ఆది, ఇంద్ర. అంతఃపురం ఆ వరసలో రాదు. వచ్చినా ‘మంచి సినిమా, కానీ బరువెక్కువ’ అని పక్కన పెట్టేస్తాం. నేను ఈ మధ్య దాన్ని మళ్ళీ చూశాను. మన ఫ్యాక్షన్ సినిమా వదిలేసుకున్న దారి ఏదో అందులో కనిపించింది.

కథ చాలామందికి తెలిసిందే, క్లుప్తంగా చెప్తాను. విదేశంలో పెరిగిన భానుమతి (సౌందర్య) ప్రేమించి పెళ్ళి చేసుకుంటుంది. ఒక కొడుకు. భర్త (సాయికుమార్) తన ఊరి సంగతి ఆమెకు ముందే అన్నీ చెప్పి ఉండడు. ఇంటినుంచి వచ్చిన పిలుపు వాళ్ళను సీమకు లాక్కొస్తుంది. అక్కడ మామ నరసింహ (ప్రకాష్ రాజ్) పెద్ద ఫ్యాక్షనిస్టు. వచ్చిన కొద్ది కాలానికే భర్త పగకు బలైపోతాడు. భానుమతి కొడుకును తీసుకుని వెళ్ళిపోతానంటుంది. మామ ఒప్పుకోడు. నువ్వు పో, మనవడు మాత్రం ఇక్కడే ఉండాల, నా వారసుడు అంటాడు. ఆమె పిల్లవాణ్ణి ఎత్తుకుని పారిపోతుంది. దారిలో సారాయి వీర్రాజు (జగపతిబాబు) అనే చిల్లర దొంగ తోడవుతాడు. వెనక నరసింహ మనుషులు. ముందు ఎప్పటికీ తెగని దారి.

ఇక్కడ గమనించాల్సింది, ఈ కథ అడిగే ప్రశ్న. మిగతా ఫ్యాక్షన్ సినిమాలన్నీ ‘పగ ఎవరు తీరుస్తారు’ అని అడుగుతాయి. అంతఃపురం ‘పిల్లవాణ్ణి బయటికి తీసుకుపోవడం ఎట్లా’ అని అడుగుతుంది. చిన్న తేడాలాగే ఉంటుంది. కానీ దీనివల్ల సినిమా మొత్తం తిరగబడుతుంది. మొదటి ప్రశ్నకు పిల్లవాడు విత్తనం. రెండో ప్రశ్నకు పిల్లవాడు పిల్లవాడే. వాడికి ఆకలేస్తుంది, భయమేస్తుంది, నిద్రొస్తుంది. వాణ్ణి మోసేవాళ్ళకు చేతులు లాగుతాయి.

మొదటి ప్రశ్నకు హీరో కావాలి. రెండోదానికి కావలి మనిషి చాలు.

మా వైపు కావలి అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. మాది మైదుకూరు దగ్గర. పసుపు, ఉల్లి, కేసీ కాలవలో నీళ్ళొస్తే వరి. పంట చేతికొచ్చే రోజుల్లో చేను దగ్గర రాత్రి పడుకునేవాడు కావలివాడు. చేను వాడిది కాదు. పంటలో వాడికి వాటా ఉండదు. అడవిపందులు వచ్చినా దొంగ వచ్చినా ముందు లేచేది మాత్రం వాడే. వాడు ఎవరినీ వేటాడడు. తెల్లారేదాకా నిలబెట్టడమే వాడి పని.

వీర్రాజు అట్లాంటివాడు. అతనికి ఈ పగతో సంబంధం లేదు. ఆ ఇంటి వారసత్వంతో, కులంతో, పాత బాకీలతో అతనికి పని లేదు. పేరులోనే సారాయి ఉంది, గౌరవం గురించి చెప్పాల్సిన పని లేదు. మన హీరోలకు తొడగొట్టే ముందు ఒక వంశవృక్షం ఉంటుంది. ఇతనికి ముందూ వెనకా ఏమీ లేదు. ఒక తల్లి, ఒక పిల్లవాడు, వెనక తరుముతున్న జీపులు, అంతే. ఆ కాస్త కారణం చాలు అతనికి. ఫ్యాక్షన్‌ను ఎదిరించే నైతిక బలం పెద్ద రెడ్డి రక్తంలోంచి వస్తుందని మిగతా సినిమాలు చెప్తుంటే, ఈ సినిమా అది ఎవరికీ కాని ఒక చిల్లర దొంగ దగ్గరుంటుందని చెప్పింది. ఇంత పెద్ద మాటను మనం ఎందుకు పట్టించుకోలేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

జగపతిబాబు కూడా దీన్ని హీరోలాగా చెయ్యలేదు. అప్పటికి ఆయన ‘శుభలగ్నం’, ‘మావిచిగురు’ల కుటుంబ కథానాయకుడు. ఇందులో ఒళ్ళు వదిలేసి, గొంతు వదిలేసి, ఎప్పుడు నవ్వుతాడో ఎప్పుడు కొడతాడో తెలీనట్టు ఉంటాడు. కొట్లాటలో గెలిచాడనిపించదు, తప్పించుకున్నాడనిపిస్తుంది. కాపాడేవాడి యాక్షన్‌కూ పగ తీర్చుకునేవాడి యాక్షన్‌కూ తేడా ఇక్కడే. పగవాడు దెబ్బలు లెక్కపెట్టుకుంటాడు. కాపాడేవాడు దూరం లెక్కపెట్టుకుంటాడు, ఇంకా ఎంతుంది, పిల్లవాడు ఎక్కడున్నాడు అని.

కూలికి కుదిరిన అంగరక్షకుడు, ఒక పిల్ల, ఈ జత మీద ప్రపంచంలో చాలా సినిమాలున్నాయి. మన తరం ఇంజినీరింగ్ హాస్టళ్ళలో పెన్‌డ్రైవ్‌ల మీద తిప్పుకున్న ‘మ్యాన్ ఆన్ ఫైర్’ (2004) అందులో పేరున్నది. డెంజిల్ వాషింగ్టన్ తాగుబోతు బాడీగార్డు, డకోటా ఫానింగ్ అతను కాపాడాల్సిన పిల్ల. ఆ సినిమా మొదటి సగం అద్భుతం. ఈతలో ఆ పిల్ల ఒక్క క్షణం ముందు దూకడానికి అతను పడే తాపత్రయం ఎన్నిసార్లు చూసినా బాగుంటుంది. తర్వాత పిల్లను ఎత్తుకుపోతారు. ఇక సినిమా చాలాసేపు పగ సినిమా అయిపోతుంది. పిల్ల కనిపించదు, ఆమె పేరున జరిగే హింస కనిపిస్తుంది. చివర్లో తన ప్రాణం ఇచ్చి పిల్లను విడిపించుకునేటప్పుడు మాత్రమే క్రీసీ మళ్ళీ కావలివాడవుతాడు. అంతఃపురంలో వీర్రాజుకు ఆ మధ్య భాగం దొరకదు. పగ తీర్చుకునేంత తీరిక అతనికి లేదు. పిల్లవాడు పక్కనే ఉన్నాడు మరి.

ఈ కథ వెనకున్న నీడ గురించి కూడా మాట్లాడుకోవాలి. అమెరికన్ మహిళ బెట్టీ మహ్మూదీ భర్తతో, కూతురితో 1984లో టెహ్రాన్ వెళ్ళి అక్కడ ఇరుక్కుపోయి, 1986లో కూతురితో కొండలు దాటి టర్కీ చేరిన అనుభవాన్ని ‘నాట్ వితౌట్ మై డాటర్’గా రాసింది. 1991లో శాలీ ఫీల్డ్‌తో సినిమాగా వచ్చింది. అంతఃపురం ఆ కథను ఇరాన్ నుంచి రాయలసీమకు తెచ్చింది. తెలివైన పని. కానీ ఆ కథతో పాటు దాని మీదున్న ఫిర్యాదు కూడా వచ్చి చేరింది. ఇరాన్ మొత్తాన్ని ఒకే క్రూరమైన మొహంగా చూపించారని ఆ హాలీవుడ్ సినిమాను విమర్శించారు. అంతఃపురం మా సీమకు చేసింది దాదాపు అదే.

ఇక్కడ నేను తటస్థంగా ఉండలేను. బెంగళూరులో ఏ టీమ్‌లో కొత్తగా చేరినా, కడప జిల్లా అని చెప్పగానే ‘బాంబులు ఇంట్లో చేస్తారా, బయట కొంటారా’ అనే జోకు రెండో రోజుకల్లా వస్తుంది. నవ్వేసి ఊరుకుంటాం. ఈ జోకును తయారు చేసిన సినిమాల్లో అంతఃపురం కూడా ఒకటి. ఇందులో సీమ అంటే కత్తులు, కేకలు, పొగ. ఫ్యాక్షన్ తప్ప వేరే పని ఉన్న మనిషి ఒక్కడూ గుర్తుండడు. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కథల్లో కనిపించే సీమ, అప్పు కోసం తిరిగే రైతు, ఎండిన బోరు, వాన కోసం ఆకాశం చూసే ముసలాయన, ఈ సినిమాలో లేదు. ఫ్యాక్షన్ ఆ కరువులోంచి, సారా కాంట్రాక్టుల్లోంచి, గనుల్లోంచి, ఓట్లలోంచి ఎట్లా పెరిగిందో బాలగోపాల్ లాంటివాళ్ళు విడమరిచి రాశారు. సినిమా ఆ జోలికి పోలేదు. నరసింహ ఎందుకిట్లా అయ్యాడు అంటే, వాడట్లాంటివాడు కాబట్టి, అంతే.

అయినా ఈ సినిమాను నేను వదులుకోలేను. ఎందుకంటే తర్వాత వచ్చినవి కూడా ఇదే బొమ్మను చూపించాయి, కానీ మెచ్చుకుంటూ చూపించాయి. అంతఃపురం వచ్చిన వెంటనే, 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’ వచ్చింది. అక్కణ్ణుంచి పదేళ్ళ పాటు తెలుగు సినిమా సీమను తొడల చప్పుడుగా మార్చేసింది. అంతఃపురం చూసి బయటికొచ్చినవాడికి సుమో ఎక్కాలనిపించదు. నరసింహను చూసి ఎవరూ ఈల వెయ్యరు. ప్రకాష్ రాజ్ ఆ పాత్రలో ఒక తాత ప్రేమను, ఒక యజమాని హక్కును విడదీయలేనట్టు కలిపేశాడు. మనవణ్ణి ముద్దు చేసే చెయ్యే వాణ్ణి తనలాంటివాడిగా తయారు చెయ్యాలని చూస్తుంటుంది. వాడు దుర్మార్గుడు కాబట్టి భయం కాదు, వాడికి నిజంగానే ప్రేమ ఉంది కాబట్టి భయం. పిల్లవాణ్ణి శత్రువు నుంచి కాదు, సొంత తాత నుంచి కాపాడాలి. ఫ్యాక్షన్ సినిమాల్లో ఇది మళ్ళీ పెద్దగా కనిపించని మాట. మిగతావాటిలో ప్రమాదం ఎప్పుడూ అవతలి ఇంట్లోనే ఉంటుంది.

ఆడవాళ్ళ సంగతీ అంతే. ఇక్కడ కథను ముందుకు నడిపేది కోడలు. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి నోరు మూసుకున్న అత్తగా శారద ఉంది. మాట్లాడని ఆ ముఖంలో అన్ని చావుల లెక్కా కనిపిస్తుంది. 2018లో త్రివిక్రమ్ ‘అరవింద సమేత’ వచ్చినప్పుడు, ఫ్యాక్షన్‌ను ఆడవాళ్ళ వైపు నుంచి చూసిన సినిమా అని మనమంతా మెచ్చుకున్నాం. మెచ్చుకోవాల్సిందే, అందులో జేజి మాట హీరోను మారుస్తుంది. పెంచల్ దాస్ పుణ్యాన మా భాష కూడా కాస్త మా భాషలాగే వినిపించింది. కానీ ఆ దారిలో మొదటి అడుగు ఇరవై ఏళ్ళ ముందే పడింది.

విచిత్రం ఏమిటంటే ఆ రెండు సినిమాల మధ్య వంతెన కూడా జగపతిబాబే. 1998లో పరాయి పిల్లవాణ్ణి పగ నుంచి దాటించడానికి ప్రాణం ఇచ్చిన వీర్రాజు ఆయన. 2018లో, రాజీకి ఒప్పుకున్నాడని కన్నకొడుకునే చంపిన బసిరెడ్డీ ఆయనే. ఈ రెండూ ఒకే వారంలో చూడండి. ఒకే గొంతు, ఒకే కళ్ళు. ఆ గొంతును మన పరిశ్రమ ఎటు వాడుకుందో చూస్తే, ఈ ఇరవై ఏళ్ళలో మనం ఏ పాత్రను పెంచి పోషించామో అర్థమవుతుంది. వీర్రాజులు మళ్ళీ రాలేదు. బసిరెడ్డులు ఏడాదికి నలుగురు వచ్చారు.

కృష్ణవంశీయే దీన్ని 2002లో ‘శక్తి’గా హిందీలో తీశాడు. కరిష్మా కపూర్, నానా పాటేకర్ ఉన్నా, వీర్రాజు పాత్రలో షారుఖ్ ఖాన్ రావడంతో లెక్క మారిపోయింది. అంత పెద్ద స్టార్ ‘ఎవరికీ కానివాడు’ కాలేడు. అతను తెర మీదికి రాగానే మన చూపు పిల్లవాడి మీద నుంచి అతని మీదికి పోతుంది. ఐశ్వర్యా రాయ్‌తో ఒక పాట కూడా పెట్టారు, జనానికి చివరికి గుర్తుండిపోయింది ఆ పాటే. కావలివాడు తనే పంట అయిపోతే ఇక చేనుకు కావలి ఎవరు?

నాకు చివరిదాకా మింగుడు పడనిది ఒకటే. పిల్లవాణ్ణి కాపాడటం అంటే ఈ ఊరి నుంచి పంపించెయ్యడం అని సినిమా గట్టిగా నమ్ముతుంది. వాడికి వెళ్ళడానికి ఒక విదేశం ఉంది. మరి ఆ ఊళ్ళోనే ఉండిపోయిన మిగతా పిల్లల మాటేమిటి? నరసింహ మనుషుల ఇళ్ళల్లో కూడా పిల్లలుంటారు కదా. వాళ్ళకోసం ఏ వీర్రాజూ రాడు, కెమెరా కూడా వాళ్ళ ఇళ్ళకు పోదు.

నిజ జీవితంలో మా వైపు ఈ పంపించడం చాలా రకాలుగా జరిగింది. నాలాంటివాళ్ళను పొలం అమ్మో, అప్పు చేసో హాస్టళ్ళకు, ఇంజినీరింగ్ కాలేజీలకు తోశారు. మా జిల్లా నుంచి వేలమంది కువైట్ పోయారు. అందులో ఆడవాళ్ళు చాలామంది. అక్కడ ఇంటిపని అంటే సగం పని ఆ ఇంటి పిల్లల్ని చూసుకోవడమే. సొంత బిడ్డను జేజి దగ్గర వదిలి, పరాయి బిడ్డకు స్నానం చేయించి, బడికి పంపించి, రాత్రి ఫోన్‌లో సొంత బిడ్డ గొంతు విని పడుకునే తల్లులు వాళ్ళు. ఇంటి దగ్గర ఆ బిడ్డకు కావలి డెబ్భై ఏళ్ళ జేజి. వీళ్ళ వెనక జీపులు లేవు, బాంబులు లేవు, ఇళయరాజా నేపథ్య సంగీతం లేదు. అందుకే వీళ్ళ మీద యాక్షన్ సినిమా రాలేదు.

పిల్లవాణ్ణి కాపాడటమే ఒక కథకు సరిపడా విషయం అని పాతికేళ్ళ కిందట ఒక ఫ్యాక్షన్ సినిమా నమ్మింది. ఆ నమ్మకం నచ్చినవాళ్ళు సారాయి వీర్రాజు దగ్గరే ఆగిపోనక్కర్లేదు. ఆ దారిలో ఇంకొంచెం ముందుకు పోతే ఆ జేజి ఉంది.