పోగు నడవకూడదు

కాకినాడ రేవు పక్క సందులో బోర్డు లేని లేత్ షాపు ఒకటుంది. ఫైబర్ తెప్పల మోటార్లు మొరాయిస్తే షాఫ్టును గోనెపట్టాలో చుట్టి అక్కడికి పట్టుకొస్తారు. మొన్న వెళ్లేసరికి బల్ల మీద ప్రొపెల్లర్ షాఫ్టు ఒకటి తళతళలాడుతోంది. ‘‘బానే ఉందిగా’’ అన్నాను. టర్నర్ నా వేలు పట్టుకుని దాని మీద జరిపాడు. ఒకచోట గోరు టక్కున ఆగింది. ఆయిల్ సీలు పెదవి ఆనే చోటది. చుట్టూ ఉంగరంలా గాడి.

రబ్బరు ఉక్కును కోస్తుందా? రబ్బరు అంచున ఇరుక్కున్న ఇసుక కోస్తుంది. దానికి తుప్పు తోడు. స్టెయిన్‌లెస్ స్టీలును కాచేది పైనున్న పల్చటి క్రోమియం ఆక్సైడు పొర. ఆక్సిజన్ అందినంతకాలం అది చెదిరినా మళ్లీ అల్లుకుంటుంది. సీలు కింద ఉప్పునీళ్లు నిలిచిపోతే ఆ ఆక్సిజనే కరువు. పైకి మెరుస్తూనే లోపల పుచ్చుపన్నులా గుంటలు పడుతుంది. ఇక ప్రొపెల్లరుకి చుట్టుకున్న వలదారం సీలును కోసిందా, నీళ్లు చొరబడి గేర్ ఆయిల్ పాలు ఎక్కువైన టీ అవుతుంది. తర్వాత బేరింగుల వంతు.

వెల్డింగుతో గాడి పూడ్చి లేత్ పట్టడం చాలామంది చేసేదే. సీలు చోట ఈయన ఆ జోలికి పోడు. వెల్డు చల్లారుతూ ముడుచుకుని సన్నటి షాఫ్టును తనవైపు లాగేస్తుంది. అందుకని గాడి పోయేదాకా తరిగి, స్టెయిన్‌లెస్ స్లీవును వేడిచేసి తొడుగుతాడు. చల్లారాక దాన్ని పాత సైజుకి దింపుతాడు. ఆ సైజు సీలు మీదే ఉంటుంది, అచ్చేసిన మూడు అంకెల్లో మొదటిది. (0.28 మిల్లీమీటర్ల గోడతో రెడీమేడ్ స్లీవులూ దొరుకుతాయి. వాటికి తరగడమే అక్కర్లేదు.)

ఇంతవరకూ మంచి పనివాడెవడైనా చేస్తాడు. టూలు పక్కకి జరుగుతూ కోస్తుంది కదా, కంటికానని మరచుట్టు మిగిలిపోతుంది. షాఫ్టు తిరిగేటప్పుడు ఆ మర నీళ్లను లోపలికి తోడుతుంది. రివర్స్ గేరున్న మోటారుకి ఏదో ఒక దిక్కున ముప్పు తప్పదు. అలాగని అద్దంలా మెరిపించినా తప్పే, పెదవి కింద ఆయిల్ పొర నిలవదు. 0.2 నుంచి 0.8 మైక్రాన్ల గరుకు ఉండాలంటారు. ఆ కొలిచే యంత్రం ఈయన దగ్గర లేదు. ఉన్నది వల అల్లే నూలుపోగు.

ఎమరీ పట్టీని పక్కకి జరగనివ్వకుండా నిటారుగా పట్టాడు. తుడిచాడు. స్లీవు మీద చుక్క నూనె వేసి, పోగు వేలాడదీసి, చివర చిన్న నట్టు కట్టాడు. లేత్ నెమ్మదిగా తిప్పాడు. పోగు బియ్యపుగింజంత దూరం చక్ వైపు నడిచింది. ఎదురు తిప్పాడు. ఇటు నడిచింది. రెండుసార్లూ ఒకేవైపు పోతే ఏటవాలు ఉన్నట్టట. దిక్కుతో పాటు పోగూ మళ్లితే మర ఉన్నట్టే.

‘‘పోటు దాటిపోద్ది బాబాయ్, ఇచ్చెయ్యి’’ అన్నాడు తెప్ప కుర్రాడు.

‘‘పోగు నడిస్తే నీళ్లూ నడుస్తాయిరా. కూచో.’’

మళ్లీ ఎమరీ. మూడోసారికి పోగు ఎక్కడ వేసింది అక్కడే ఉండిపోయింది, అటు తిప్పినా ఇటు తిప్పినా. నట్టు విప్పి డబ్బాలో వేసుకుని, స్లీవుకి గ్రీజు రాసి గుడ్డ చుట్టాడు. ఆ పోగుతోనే ముడేసి కుర్రాడి చేతిలో పెట్టాడు.