అప్పజెప్పించుకునే చదువు

వీధిబడి మాట వస్తే మనవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టుకు అది ఇంగ్లీషువాళ్లు పాడుచేసిన స్వర్ణయుగం. రెండో జట్టుకు బెత్తం, కోదండం, అర్థం తెలియని వల్లెవేత. రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే ఆ బడిలో పాఠం ఎలా నడిచేదన్నది ఇద్దరికీ పట్టదు. చదువు మీద విధానాలు రాసేవాళ్లకు పనికొచ్చే సంగతి మాత్రం అదే.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరినీ తమ జిల్లాల్లోని బడుల లెక్కలు అడిగాడు. 1826కి తేలిన మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అంటే బడికి పదిహేను మంది. వచ్చిన నివేదికల్లో ఇప్పటికీ చదవదగ్గది బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో రాసింది. ఆయన 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేయించినవాడు కాబట్టి లెక్కలతో సరిపెట్టుకోలేదు, బడిలో ఏం జరుగుతోందో చూశాడు. ఆ జిల్లాలోని 533 బడుల్లో 226 తెలుగువి. పొద్దున ఆరింటికే బడి మొదలు. అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, రెండోవాడి చేతిలో సున్నా చుడతారు, మూడోవాడికి చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు. తర్వాత వచ్చేవాళ్లకు వరసను బట్టి పెరుగుతూ పోతాయి. ఓనమాలు ఇసుకలో వేలితో దిద్దించేవాళ్లు. తప్పుపోతే అరచేత్తో చెరిపేసి మళ్లీ దిద్దడమే, ఖర్చు లేదు. అక్షరం చేతికి వచ్చాకే పలక, తాటాకు, గంటం. ముందు సాధనం, తర్వాత అక్షరం అనే మన నర్సరీ పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. గుణింతాలు, వత్తులు అయ్యాక మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు రాయించేవాళ్లు, ఆ వెనక ఎక్కాలు.

ఇందులో అసలు కీలకం ఇసుక కాదు, అప్పజెప్పడం. పిల్లవాడికి అయిదో ఏడు రాగానే మంచిరోజు చూసి బడిలో వేసేవాళ్లు. ఒక్కొక్కరు ఒక్కో నెలలో చేరతారు కనుక అందరూ ఒకే పుటలో ఉండాలన్న పట్టింపు ఆ బడికి లేదు. ఎవడి పాఠం వాడిది. నిన్నటిది అప్పజెబితేనే ఇవాళ్టిది. చిన్నవాళ్లది పెద్ద పిల్లలు వింటారు, పెద్దవాళ్లది పంతులు వింటాడు. పిల్లవాడికి ఏం వచ్చో, ఏది రాలేదో రోజూ ఒక మనిషికి తెలిసి తీరుతుంది. మంచి బోధన అంటే నా దృష్టిలో మొదట ఇదే, తక్కినవన్నీ దీని తర్వాత.

పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. అప్పటికే ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమంలో దాన్ని ప్రయోగించి, 1797లో దాని మీద పుస్తకం వేశాడు. అక్కడి నుంచి అది ఇంగ్లండు చేరి ఒక్క మాస్టారితో వందల మందికి చదువు చెప్పించే చవక యంత్రంగా మారింది. పిల్లలచేత పాఠం చెప్పించడం అంటే టీచరు జీతం మిగుల్చుకోవడమేనన్న అభ్యంతరం ఆ యంత్రానికి అక్షరాలా వర్తిస్తుంది. పదిహేను మంది ఉన్న వీధిబడి అరుగు మీద మాత్రం చిన్నవాడికి చెప్పిన పెద్దవాడు అదే పూట తన పాఠం పంతులుకు అప్పజెప్పేవాడు. తేడా పద్ధతిలో లేదు, సంఖ్యలో ఉంది.

ఇక వల్లెవేత. ఈ నేరం రుజువైనదే. పిల్లలకు వల్లె వేయించే పద్యాల భాష వాళ్లు ఇంట్లో మాట్లాడే భాష కాదని, అర్థం చాలాచోట్ల పంతులుకే తెలియదని క్యాంప్‌బెల్ రాశాడు. ఎనభై ఏళ్లు గడిచాక, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి బడి పుస్తకాల తెలుగు మీద యుద్ధం మొదలుపెట్టింది ఇందుకే. సవర గిరిజన పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టింది కూడా ఇందుకే. అయితే ఆయన విసిరేయమన్నది అర్థంకాని భాషను, నోటికి రావడాన్ని కాదు. పదమూడో ఎక్కం నోటికి వచ్చిన పిల్లవాడు భాగహారం దగ్గర ఆగిపోడు. వచ్చినదాన్ని వాడించకుండా వదిలేస్తేనే అది వల్లెవేతగా మిగులుతుంది.

కులం, ఆడపిల్లల సంగతి దాటవేయడానికి వీల్లేదు. బళ్లారి లెక్కలో 6,641 మంది విద్యార్థులుంటే ఆడపిల్లలు 60 మంది. అంటరానివారన్న ముద్ర పడ్డ పిల్లలకు సాధారణంగా ఆ అరుగు అందనే లేదు. వాళ్లను బడిలోకి తెచ్చింది ప్రభుత్వం, మిషనరీలు, సంస్కర్తలు, ఆపైన చట్టం. కాబట్టి వీధిబడిని తిరిగి తేవాలన్న వాదన నాది కాదు. దసరాకు పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటికీ తిరిగితే గాని గడవని పంతులు బతుకు కూడా ఎవరికీ రాకూడదు. తలుపులు అందరికీ తెరిచినప్పుడు లోపలి పద్ధతిని ఎందుకు పారేశామన్నదే నా ప్రశ్న.

పారేసింది ఒక్కరోజున కాదు. పిల్లలు పాసైతేనే బడికి గ్రాంటు అన్న పద్ధతి 1860ల తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో పాకింది. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజుకు తరగతి మొత్తం ఒకే పుటకు చేరాలి. అక్కడి నుంచి ‘సిలబస్ పూర్తయిందా’ అన్నదే బడి ప్రధాన ప్రశ్న అయింది, నేటికీ అదే. 2009 విద్యాహక్కు చట్టం పిల్లవాణ్ని ఫెయిల్ చేయకూడదంది, మంచిదే. 2019 సవరణ అయిదు, ఎనిమిది తరగతుల్లో ఆపే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. ఆపినా పంపినా, వాడికి ఏం రాలేదో విన్నవాడు లేకపోతే రెండూ ఒకటే. ఏసర్ సర్వేవాళ్లు ఇంటింటికీ వెళ్లి ఒక్కో పిల్లవాడి చేతికీ ఒక కాగితం ఇచ్చి అక్షరాలు, మాటలు, ఒక పేరా, ఒక చిన్న కథ చదివించి వింటారు. ఆ ఫలితాలు పేపర్లో వచ్చినప్పుడల్లా గగ్గోలు పడతాం. బయటివాళ్లు విని చెప్పేదాకా లోపలివాళ్లకు తెలియకపోవడం ఎలా సాధ్యమైందని మాత్రం అడగం. 2021లో మొదలైన నిపుణ్ భారత్ పథకం మూడో తరగతి దాటేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలంటోంది. లక్ష్యం సరైనదే, అది రోజువారీ పనిగా మారాలంటే ఎవరో ఒకరు వినాలి.

టైమెక్కడిదని టీచర్లు అడుగుతారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో ముప్పై మందికి ఒక టీచరు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలిస్తే గంట. సగం మంది పాఠం పెద్ద తరగతి పిల్లలు వింటే అరగంట. అయిదు తరగతులూ ఒక్కరే చూసే ఏకోపాధ్యాయ పాఠశాలలో ఇది ఇంకా అవసరం, అక్కడ వేరే దారీ లేదు. మధ్యాహ్న భోజనం, యాప్‌లో వివరాలు ఎక్కించడం, శిక్షణలు, సర్వే డ్యూటీలు అన్నీ కలిపితే ఆ అరగంట ఎక్కడ పోతోందో ఏ మండల విద్యాధికారి అయినా లెక్క చెప్పగలడు. తనిఖీకి వచ్చే అధికారి రికార్డులు అడిగే ముందు ఒక పిల్లవాణ్ని పిలిచి నిన్నటి పాఠం అప్పజెప్పమంటే, ఏ రికార్డులు అక్కర్లేదో కూడా అక్కడే తేలిపోతుంది.