అప్పు వేరు, ఆదరువు వేరు

2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) చప్పుడు ఆగింది. జగిత్యాలలో తోపుడుబండ్లు ఇంటిముందే నిలిచాయి. కోరుట్లలో కుట్టుమిషన్లు, క్షౌరశాలలు మూతపడ్డాయి. నెలజీతగాడు ఆసరాకు యజమాని వైపు చూశాడు. తన కష్టానికి తానే యజమాని అయినవాడు సర్కారు వైపు చూశాడు. ఆ చూపుకు ప్రభుత్వాలు ఇచ్చిన జవాబులను పక్కపక్కన పెట్టి చూడాలి.

కేంద్రం 2020 జూన్‌లో పీఎం స్వనిధి తెచ్చింది. అప్పట్లో పట్టణ వీధి వ్యాపారికి పూచీకత్తు లేకుండా 10,000 రూపాయల రుణం, ఏడాదిలో తీర్చాలి, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ జగనన్న చేదోడు కింద దర్జీలు, రజకులు, నాయీబ్రాహ్మణులు కలిపి సుమారు 2.47 లక్షల మందికి అదే 10,000 రూపాయలను సాయంగా ఇచ్చింది. మొత్తం ఒకటే, మనసు వేరు. స్వనిధి డబ్బు బండిలో సరుకు నింపింది కానీ, కొనేవాడు బయటికి రాని రోజుల్లో వాయిదా కూడా నెత్తిన పెట్టింది. చేదోడు డబ్బు వంటింటికి చేరినా దాన్ని తిరిగి అడిగేవాడు లేడు. అయితే స్వనిధికీ ఒక గొప్పతనం ఉంది: సర్వే చేసి, గుర్తింపు కార్డు ఇచ్చి, బ్యాంకు గడప తొక్కని మనిషికి అక్కడ ఒక ఖాతా పుస్తకం తెరిచింది. చేదోడులో దుకాణం ఉన్నవారికే చోటు దక్కింది. ఇంటింటికీ తిరిగి పని చేసుకునేవాడు ఆ గీతకు ఇవతలే మిగిలాడు.

తెలంగాణ తెల్లకార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. ఆకలి తీర్చింది, వృత్తిని పలకరించలేదు. వృత్తి వైపు చూపు 2021 ఏప్రిల్‌లో పడింది: సెలూన్లకు, లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు. పని మళ్లీ మొదలైనప్పుడు ఖర్చు తగ్గించే సాయం ఇది. పని ఆగిన నెలల్లో మాత్రం ఇది లేదు.

సిరిసిల్లకు వస్తే లెక్క మరింత చిక్కు. యజమాని దగ్గర నూలు తీసుకుని సొంత సాంచాల మీద బట్ట నేసే ఆసామి అటు కూలీ కాడు, ఇటు పారిశ్రామికవేత్త కాడు. తెలంగాణ పొదుపు పథకం నేతన్నకు చేయూతలో 2020లో గడువుకు ముందే పొదుపు తీసుకోనిచ్చారు. కష్టంలో అక్కరకొచ్చింది, నిజమే. కానీ అందులో ఒక భాగం నేతన్న కూలీలో కోసిపెట్టుకున్నదే. పక్కరాష్ట్రం నేతన్న నేస్తం ఏడాదికి 24,000 రూపాయలిచ్చింది. అది చేనేత మగ్గానికి, మరమగ్గానికి కాదు. ఈ రెండు పథకాల మధ్య ఆసామిని నిజంగా నిలబెట్టింది 2017లో మొదలైన సర్కారు బతుకమ్మ చీరల ఆర్డరు: పని చేసి పొందిన డబ్బు, దయ కాదు.

బ్రిటన్ మాత్రం స్వయం ఉపాధి వ్యక్తుల సగటు లాభంలో 80 శాతాన్ని మూడు నెలలకు లెక్కగట్టి, 7,500 పౌండ్ల గరిష్ఠంతో తొలివిడత సాయంగా ఇచ్చింది. అక్కడ పన్ను రిటర్నులే చిరునామా. మన దగ్గరా అలాంటి ఉదాహరణ ఉంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉన్న బీడీ కార్మికురాలికి ఆసరా పింఛను కింద నెలకు 2,016 రూపాయలు అప్పటికే ఖాయమై ఉంది. పేరు రాసి ఉన్నవారికి సాయం వెతుక్కుంటూ వచ్చింది.

నా తీర్పు ఇదే. విపత్తులో అప్పు రెండో మాట కావాలి, సాయం మొదటిది. ఆ సాయం అందాలంటే జాబితా విపత్తుకు ముందే ఉండాలి. ఆసామినీ, బండి వ్యాపారినీ, ఇంట్లో కుట్టే అక్కనూ ఈ రోజే పట్టికలో రాయండి. రేపటి కష్టం దరఖాస్తులు నింపేదాకా ఆగదు.